రంగుల మాయాబజార్: దక్కినదేమిటి, జారిపోయినదేమిటి

విజయా వారి ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. దానికి రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి, 2010 జనవరి 30న మళ్లీ థియేటర్లకు తెచ్చారు. ఆ వారంలోనే గుంటూరులో మా నాన్నగారితో కలిసి ఆ ఆట చూశాను. బయటికి వస్తూ ఆయన ఒకే మాట అన్నారు: “అంతా బాగుంది గానీ, బార్‌ట్‌లీ వెన్నెల ఏదిరా?” బార్‌ట్‌లీ అంటే ఈ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్‌లీ. అప్పుడు నాకు ఆ మాట అందలేదు. చిన్నప్పటి నుంచి అలవాటైన నలుపు తెలుపుల మీద ఆయనకున్న మమకారం అలా అనిపించిందేమో అనుకున్నాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని పాత ప్రతిని ఒక రాత్రి, రంగుల ప్రతిని మరుసటి రాత్రి చూశాక ఆయన ప్రశ్న ఎంత సూటిదో తెలిసివచ్చింది.

ముందుగా రంగుల ప్రతికి దక్కవలసిన మెప్పు దానికి దక్కాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మూడు గంటల సినిమాలో రెండున్నర లక్షలకు పైగా ఫ్రేములుంటాయి. వాటిలో గీతలు, మరకలు తుడిచి, ప్రతి ఆభరణానికీ, ప్రతి అంచుకూ రంగు నిర్ణయించి, ఒక దృశ్యంలోని రంగు తరువాతి దృశ్యంలో మారకుండా కాపాడుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో ఊహించుకోవచ్చు. ఆ ఓపిక తెరమీద కనబడుతుంది. ముఖ్యంగా మాధవపెద్ది గోఖలే, కళాధర్ తీర్చిదిద్దిన సెట్లలో, దుస్తుల్లో ఉన్న పనితనాన్ని, పాత ప్రతుల్లో మసకబారి కనిపించని స్తంభాల మీది చెక్కడాన్ని, వడ్డాణాల్లోని అల్లికను, ఈ ప్రతిలో తీరిగ్గా చూడవచ్చు. శబ్దం కూడా మెరుగుపడింది. పాత ప్రింట్లలో మాట వెనుక వినిపించే బరబర పోయి, పింగళి నాగేంద్రరావు గారి మాటలు అక్షరం అక్షరంగా చెవిన పడతాయి. తల్పానికి గిల్పం, కంబళికి గింబళి, మనవాళ్లు అసమదీయులైతే పగవాళ్లు తసమదీయులు. ఇలాంటి మాటల్లో సగం రుచి పలకడంలోనే ఉంది కనుక, ఈ తేటదనం చిన్న లాభం కాదు.

రంగు బాగా అతికిన చోటు ‘వివాహ భోజనంబు’. మగపెళ్లివారి కోసం సిద్ధం చేసిన విందంతా ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే ఆ ఘట్టంలో, పళ్లేలు వాటంతటవే జరిగి వస్తుంటే, లడ్డూలు గాలిలో ఎగిరి ఆయన నోట్లో పడుతుంటే, వాటి పసుపు వన్నె నిజంగానే నోరూరిస్తుంది. గుంటూరు థియేటర్లో ఆ పాట మొదలుకాగానే హాలంతా మాధవపెద్ది సత్యం గారి గొంతుతో గొంతు కలిపింది. నా ముందు వరుసలో ఒక తాతగారు మనవణ్ణి ఒళ్లో నిలబెట్టి, ఒక్కొక్క లడ్డూ ఎగిరినప్పుడల్లా వాడి చేత లెక్క పెట్టించారు. యాభై ఏళ్లు దాటిన సినిమాకు అంతమంది పిల్లల్ని హాలుకు రప్పించింది రంగే. ఆ మేలును నేను ఎన్నటికీ తక్కువ చేసి మాట్లాడను.

ఇక నాన్నగారి ప్రశ్న దగ్గరికి వస్తాను. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలో మార్కస్ బార్‌ట్‌లీ చూపిన వెన్నెల దీపాలతో పుట్టించిన వెన్నెల. నలుపు తెలుపుల ఫిల్ము మీద అది ఎలా పడుతుందో ముందే లెక్క కట్టి, ముఖానికెంత, నీటికెంత, వెనక చీకటికెంత అని తూచి వేసిన వెలుగది. పడవలో శశిరేఖ, అభిమన్యులు సాగిపోతున్నప్పుడు నీటి మీద తళుకు ఒక్కటే కదులుతుంది, మిగతా లోకమంతా బూడిద ఛాయల్లోకి ఒదిగిపోతుంది. ఆ తరువాత రుక్మిణీ కృష్ణులు, వారి వెనుక రేవతీ బలరాములు అదే పడవెక్కినప్పుడు కూడా మన చూపును లాగేది ఆ తళుకూ, ఆ ముఖాలూ మాత్రమే. రంగు వేసేసరికి ఏమైందంటే, చీరకొక రంగు, చెట్టుకొక రంగు, నీటికొక రంగు వచ్చి, అన్నీ ఒకేసారి ‘నన్ను చూడు’ అన్నట్టు ముందుకు వచ్చాయి. వెలుగుకూ చీకటికీ మధ్య ఉన్న వంద మెట్లు పది మెట్లకు కుదించినట్టు అనిపించింది. పాట అదే, ఘంటసాల, లీల గార్ల గొంతులు అవే, పడవ అదే. వెన్నెల మాత్రం లేదు.

నాది చాదస్తమేమో అన్న అనుమానం నాకూ కలిగింది. అందుకే మా తమ్ముడి కూతురికి, పన్నెండేళ్ల పిల్లకు, ఏమీ చెప్పకుండా ఆ ఒక్క పాటనే రెండు ప్రతుల్లోనూ వెంటవెంటనే చూపించాను. కొత్త సినిమా వచ్చిందంటే మొదటి వారంలోనే చూసి, ఇంటర్వెల్ దాకా ఎలా ఉంది, ఆ తరువాత ఎక్కడ సాగదీశారు అని మాకు విడమరచి చెప్పే పిల్ల అది. రంగుల పాట చూసినంతసేపు బాగానే ఉందన్నట్టు తలూపింది. పాత పాట సగంలో ఉండగా మంచం మీది నుంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లి, “పెద్దనాన్నా, ఇందులో నీళ్లు మెరుస్తున్నాయి” అంది. నాన్నగారి మాటను మనవరాలు తనకు తెలియకుండానే తిరిగి చెప్పినట్టయింది.

ముఖాల విషయంలోనూ నాకు ఇదే చిక్కు కనిపించింది. నలుపు తెలుపుల ఫిల్ము వెలుగు ఎంత పడిందో మాత్రమే దాచుకుంటుంది. ఏ రంగు మీద పడిందో దానికి తెలియదు. ఎరుపు చీరా, ఆకుపచ్చ చీరా ఒకే బూడిద రంగుగా నమోదు కావచ్చు. అందువల్ల రంగులద్దేవారు ఎంత శ్రద్ధ పెట్టినా కొంత ఊహ మీద ఆధారపడక తప్పదు. దుస్తుల విషయంలో ఆ ఊహ సరిపోతుంది, చర్మం దగ్గరే ఇబ్బంది పెడుతుంది. బుగ్గల మీద, కనురెప్పల కింద మనిషి రంగు క్షణక్షణం మారుతూ ఉంటుంది. అక్కడ ఒకే ఛాయ పరిచినప్పుడు ముఖం మీద పలచని పూత వేసినట్టుంటుంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి గారు నడకలో, కనుబొమల విరుపులో, ఉన్నట్టుండి వచ్చే మగరాయుడి ధీమాలో ఎలా చూపించారో గమనించండి. పాత ప్రతిలో ఆ కనుబొమ కదిలితే నీడ కూడా కదులుతుంది. రంగుల ప్రతిలో కనుబొమ మాత్రమే కదులుతుంది. అయినా సావిత్రి గారు సావిత్రి గారే కనుక ఆ పాట రెండింటిలోనూ గెలుస్తుంది.

పాత సినిమాలను కొత్తగా తెచ్చే పనులన్నింటినీ ఒకే గాటన కట్టకూడదని కూడా నా అభిప్రాయం. 2025లో మే నెలలో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, నవంబరులో ‘శివ’ మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు అభిమానులు పండుగ చేసుకున్నారు. అవి పుట్టుకతోనే రంగుల సినిమాలు. ఉన్నదాన్ని శుభ్రం చేసి 4కెలో చూపించారు. లేనిదాన్ని చేర్చడం వేరే పని. హిందీలో ‘మొఘల్-ఎ-ఆజం’కు 2004లో పూర్తిగా రంగులు వేసినప్పుడు కనీసం ఒక ఆధారం ఉంది, 1960లోనే ఆ సినిమాలో కొంత భాగం రంగుల్లో తీశారు కనుక, మిగతాది ఎలా ఉండాలో ఊహించడానికి ఒక కొలత దొరికింది. మన మాయాబజార్‌కు అలాంటి కొలత లేదు. దర్శకుడు కె.వి. రెడ్డి గారూ, బార్‌ట్‌లీ గారూ దాన్ని నలుపు తెలుపుల్లోనే ఆలోచించి, నలుపు తెలుపుల కోసమే దీపాలు పెట్టించి తీశారు.

2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ వార్తా ఛానెల్ వారు ఆన్‌లైన్‌లో ఓట్లు పెట్టినప్పుడు భారతీయ సినిమాలన్నింటిలో ప్రేక్షకులు మొదటి స్థానం ఇచ్చింది మాయాబజార్‌కే. ఆ ఓట్లు వేసినవారిలో రంగుల ప్రతిని మాత్రమే చూసినవాళ్లు కూడా తప్పకుండా ఉండి ఉంటారని నా నమ్మకం. వాళ్లు పాత ప్రతిని కూడా ఒక్కసారి చూడాలని నా కోరిక. పాండవులు ఒక్కరూ తెరమీద కనిపించకుండానే పాండవుల ఇంటి పెళ్లి కథను అంత నిండుగా నడిపించిన కథనం ఏ ప్రతిలో చూసినా కట్టిపడేస్తుంది. గుమ్మడి గారి బలరాముడి అమాయకపు కోపం, సీఎస్ఆర్ గారి శకుని నవ్వు, రేలంగి గారి లక్ష్మణకుమారుడి గారాలు రంగు ఉన్నా లేకున్నా తగ్గవు. తగ్గేది వెలుగు ఒక్కటే, కానీ ఈ సినిమాలో వెలుగు కూడా ఒక పాత్ర.

ఇంట్లో చిన్నపిల్లలుంటే రంగుల ప్రతితోనే మొదలుపెట్టండి. లడ్డూల దగ్గర వాళ్లు మీకు దాసోహమైపోతారు. పెద్దవాళ్లు మాత్రం పాత ప్రతి చూడండి, ఎంత శుభ్రమైన ప్రతి దొరికితే అంత మంచిది. చూసే ముందు టీవీలో రంగులను ముదురుగా చూపించే సెట్టింగు తీసేయండి, ఎందుకంటే అది నలుపును మరీ నల్లగా, తెలుపును మరీ తెల్లగా చేసి మధ్యలోని ఛాయలన్నింటినీ మింగేస్తుంది. పడవ పాట వచ్చేసరికి గదిలో దీపం కూడా ఆర్పేయండి.