గొర్రెపిల్లలకి విడిగా దాణా: నాలుగు ఈతలు చూశాక

మాది కనిగిరి వైపు మెట్ట, నెల్లూరు జొడిపి గొర్రెలు ముప్పై అయిదు దాకా ఉంటాయి, నాలుగు ఈతల నుంచి పిల్లలకి విడిగా దాణా పెడుతున్నా కాబట్టి చూసింది చూసినట్టు చెప్తా. పెట్టమనే చెప్తా, కానీ దాణా కొనేముందు తడిక కట్టుకోండి.

మొదటి ఏడాది తొట్లో పోసి వదిలేస్తే తల్లులే ఊడ్చేశాయి. ఆ తర్వాత దొడ్డి మూలన వెదురు తడికలు అడ్డం కట్టి జానెడు సందు వదిలా, పిల్ల దూరుద్ది తల్లి దూరలేదు. అప్పట్లో గేదెల దాణా బస్తా తెచ్చి పెట్టా, అది చాలా తప్పు, వాటిల్లో యూరియా కలిపినవి ఉంటాయి, పాలు తాగే పిల్లల పొట్ట దాన్ని తట్టుకోదు. ఇప్పుడు నేనే కలుపుతున్నా, వంద కిలోలకి నలగ్గొట్టిన మొక్కజొన్న 45, వేరుశనగ చెక్క 30, గోధుమ పొట్టు 22, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి, బూజు వాసన ఏ కాస్త వచ్చినా వద్దు. చవక కదా అని పొట్టు పెంచొద్దు, పోతుపిల్లలకి మూత్రంలో రాళ్లు పడతాయి, నీళ్లు కూడా తడిక లోపలే పెట్టాలి.

రెండు వారాల వయసు నుంచి గుప్పెడు వేస్తా, మొదట్లో నాకి వదిలేస్తాయి, అయినా రోజూ పాతది తీసేసి కొత్తది వెయ్యాలి. నెల వయసుకి రోజుకి 50 గ్రాములు, మూడో నెలకి 200 దాకా తింటాయి. తల్లి పాలు మూడు నాలుగు వారాలకి బాగా వచ్చి తర్వాత తగ్గుతాయి, సరిగ్గా అప్పటికి పిల్ల దాణాకి అలవాటు పడి ఉండాలి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

రెండో ఏడాది జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. దాణా గది తలుపు వెయ్యలేదు, పిల్లలు బస్తా చింపుకుని తిన్నంత తిన్నాయి, తెల్లారేసరికి రెండు పిల్లలు కాళ్లు కొట్టుకుంటూ చచ్చిపోయాయి, అవి కూడా మందలో అన్నిటికన్నా పుష్టిగా ఉన్నవి. చిటుక రోగం, అంటే దాణా ఎక్కువైతే పేగుల్లో విషం పుట్టి చంపే జబ్బు. ఆ ఏడు దానికి టీకా వేయించలేదు నేను. ఇప్పుడు ఈనడానికి నెల ముందే తల్లులకి వేయిస్తున్నా, జున్నుపాలతో పిల్లకి కొన్నాళ్లు రక్షణ వస్తుంది, మూడు నెలలు దాటాక పిల్లలకీ వేయిస్తా, మూడు వారాలకి బూస్టర్ కూడా. దాణా పెట్టే ఇంట్లో ఈ టీకా మానేయొద్దు, దండం పెట్టి చెప్తున్నా.

ఫలితం అంటారా, ఇదివరకు మూడు నెలల పిల్ల 9, 10 కిలోలు తూగేది, ఇప్పుడు 13, 14 తూగుతోంది. ఒక్కో పిల్ల మొత్తం మీద పది కిలోల దాణా తింటుంది, కిలో 35 దాకా పడుతుంది నాకు, అంటే 350 రూపాయలు పెడితే నాలుగు కిలోల బరువు. దళారి చూపు మీద ధర కడతాడు కాబట్టి వేలాడే త్రాసు ఒకటి కొనుక్కుని మీరే తూచుకోండి. కవల పిల్లల్లో తేడా బాగా కనపడింది, తల్లికి పాలు దండిగా ఉన్న ఒంటి పిల్లల్లో మాత్రం అంతగా లేదు.

మందతో తిరిగేవాళ్లకి తడిక కుదరదు. మా బాబాయి ఎండాకాలం డెల్టా వైపు తోలుకుపోతాడు, ఆయన పిల్లల్ని మూసే గంపల కిందే పొద్దున గుప్పెడు వేసి, పైన అవిశ రెమ్మ వేలాడదీస్తాడు, ఆయన పిల్లలూ బాగానే సాగుతున్నాయి.