డెలావేర్ ఎల్‌ఎల్‌సినా, నేరుగా టెక్సాస్‌దా?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో కన్సల్టింగ్ మొదలుపెట్టే మనవాళ్లు చాలామంది ఎల్‌ఎల్‌సి (యజమానుల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ) పెట్టడానికి ముందు డెలావేర్ రాష్ట్రం వైపే చూస్తారు. పన్ను తగ్గుతుందన్నది అపోహ. వ్యాపారం టెక్సాస్‌లో సాగితే అక్కడి ఫ్రాంచైజ్ ట్యాక్స్ (వ్యాపార సంస్థలపై రాష్ట్రం వేసే పన్ను) నిబంధనలు ఎలాగూ వర్తిస్తాయి.

నేరుగా టెక్సాస్‌లో పెడితే ఫారం 205, రుసుము 300 డాలర్లు. అంతే.

డెలావేర్ కంపెనీ అయితే అక్కడ స్థాపన రుసుము కట్టాక, టెక్సాస్‌లో ఫారం 304తో బయటి రాష్ట్రపు సంస్థగా నమోదు కావాలి. దానికి 750 డాలర్లు. డెలావేర్‌కు ఏటా జూన్ 1లోగా 300 డాలర్లు కడుతూనే ఉండాలి. తప్పితే 200 డాలర్ల జరిమానా, పైగా నెలకు 1.5 శాతం వడ్డీ. రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున కోర్టు, ప్రభుత్వ నోటీసులు అందుకునేవారు) కూడా రెండు చోట్లా ఉండాలి. టెక్సాస్ ఏజెంటుకు వీధి చిరునామా తప్పనిసరి, పోస్టుబాక్సు ఒక్కటే ఇస్తే కుదరదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఆలస్యం వల్ల. టెక్సాస్‌లో నమోదు లేకుండా 90 రోజులు దాటి వ్యాపారం చేస్తే, ఆలస్యమైన ప్రతి ఏడాదికీ (ఏడాదిలో కొంతభాగమైనా సరే) మరో 750 కట్టించుకోవచ్చు. చేసుకున్న ఒప్పందాలు చెల్లుతాయి గానీ, బాకీ ఎగ్గొట్టిన క్లయింటు మీద టెక్సాస్ కోర్టులో దావా నడపాలంటే ముందు నమోదు కావాల్సిందే. పేరు కూడా చూసుకోండి: అదే పేరు టెక్సాస్‌లో ఇంకొకరికి ఉంటే మారుపేరుతో నమోదు చేయించాలి.

వెంచర్ పెట్టుబడి తేవాలనుకుంటే డెలావేర్ సరైనదే, అయితే అక్కడ ఇన్వెస్టర్లు సాధారణంగా అడిగేది కార్పొరేషన్, ఎల్‌ఎల్‌సి కాదు. ఒక్క ఊళ్లో నడిచే వ్యాపారానికి మాత్రం టెక్సాస్‌దే తీసుకోండి.