బీఎల్‌డీసీ ఫ్యాన్, ఇనప పెనం, గ్రైండర్, ఎయిర్ ఫ్రయ్యర్: చెప్పినంత సరుకు దేన్లో ఉంది?

"ఇది కొన్నాక మా ఇల్లే మారిపోయింది" అని ఎవరైనా ఏదైనా వస్తువు గురించి ఊదరగొడుతుంటే నేను అడిగేవి రెండే. రోజుకు ఎన్ని గంటలు వాడతారు? వాడాక కడిగి సర్దేది ఎవరు? మన ఇళ్లల్లో అటకెక్కిన శాండ్‌విచ్ మేకర్లు, రోటీ మేకర్లు, జ్యూసర్లు ఉన్నాయే, అవన్నీ ఈ రెండో ప్రశ్న దగ్గరే చతికిలపడ్డాయి. వస్తువు చెడ్డదై కాదు, దాన్ని విప్పి కడిగి మళ్లీ బిగించే ఓపిక ఎవరికీ లేక.

ముందు ఫ్యాన్ సంగతి, ఎందుకంటే అసలైన తేడా అక్కడే ఉంది. మామూలు ఫ్యానా, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యానా అంటే నా ఓటు బీఎల్‌డీసీకే, కాకపోతే ప్రకటనల్లో చూపించే లెక్క వేరు, మన బిల్లులో కనిపించే లెక్క వేరు, అది తెలుసుకుని కొనాలి.

చాలా ఏళ్లుగా మన హాల్లో తిరుగుతున్న పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీది 28 నుంచి 35 మధ్య ఉంటుంది. పాత ఫ్యాన్ ఓ రెండు గంటలు తిరిగాక ఆపి, మధ్యలో ఉన్న మోటారు డిప్ప ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, మీరు డబ్బు కట్టిన కరెంటులో కొంత అలా వేడిగా పోతోందన్నమాట. ఆ రకం మోటారులో తిరిగే భాగానికి కావలసిన అయస్కాంత శక్తిని కూడా కరెంటే పుట్టించాలి. బీఎల్‌డీసీలో ఆ చోట శాశ్వత అయస్కాంతాలే బిగించి ఉంటాయి, ఏ చుట్టలోకి ఎప్పుడు కరెంటు పంపాలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు చూసుకుంటుంది. తేడా అంతా అందులోనే ఉంది.

ఇక లెక్క. 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్, 30 వాట్లదైతే 0.36. నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 16 యూనిట్లు మిగులు. ఆంధ్రప్రదేశ్‌లో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో యూనిట్ 6 రూపాయలు, సర్దుబాటు చార్జీలు అవీ ఇవీ పక్కన పెడితే నెలకు దగ్గర దగ్గర వంద రూపాయలు. రెండు ఫ్యాన్ల ధరల మధ్య తేడా వెయ్యి నుంచి పదిహేను వందల దాకా ఉంటుంది కాబట్టి, చలికాలం మూడు నెలలు తీసేసినా ఏడాదిన్నర, రెండేళ్లలో తేడా డబ్బు వెనక్కొచ్చేస్తుంది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, తగ్గే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతాయి, అంటే మీరు ఎక్కువ రేటు కడుతున్న యూనిట్లే ముందు పోతాయి. తెలంగాణలో రేషన్ కార్డున్న ఇళ్లకైతే ఇంకో మలుపు ఉంది. 2024లో మొదలైన గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల వరకే బిల్లు సున్నా, అది దాటితే మొత్తానికీ కట్టాలి. ఎండాకాలంలో 220, 230 దగ్గర ఊగిసలాడే ఇంట్లో మూడు పాత ఫ్యాన్లు మారిస్తే 48 యూనిట్ల దాకా తగ్గుతాయి, అలాంటి ఇంటికి ఫ్యాన్ డబ్బుల్లో మంచి భాగం ఒక్క వేసవిలోనే తిరిగొస్తుంది.

ప్రకటనల్లో దాచే సంగతి ఇప్పుడు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపు ఎంతో చెప్పే స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, దాంతో ఇప్పుడు షాపులో దొరికే మామూలు ఒక స్టార్ ఫ్యాన్ కూడా పాతవాటిలా 75 వాట్లు తాగదు, యాభై చిల్లరకి వచ్చేసింది. కంపెనీలు మాత్రం ఇంకా ఆ పాత 75తోనే పోల్చి చూపిస్తాయి. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది పదేళ్ల నాటి ఫ్యాన్ అయితే పోలిక నిజం. కొత్తగా కొనేటప్పుడు రెండిట్లో ఏదని చూస్తుంటే లాభం సగానికి సగం తగ్గుతుంది, అయినా బీఎల్‌డీసీయే మేలు, డబ్బు తిరిగి రావడానికి కాస్త ఎక్కువ కాలం పడుతుందంతే. చుట్టాలొస్తే తప్ప వెయ్యని గదిలో ఫ్యాన్ మార్చడం మాత్రం దండగ.

నిజానికి బిల్లు కంటే నాకు నచ్చింది ఇన్వర్టర్ మీద దీని తీరు. కరెంటు పోయిన రాత్రి ఒక పాత ఫ్యాన్‌కి పట్టే బ్యాటరీతో ఇవి రెండు తిరుగుతాయి, చవక ఇన్వర్టర్ల మీద పాత ఫ్యాన్లు చేసే ఆ గుయ్యిమనే రొదా ఉండదు. ఊళ్లల్లో సాయంత్రం మోటార్లన్నీ ఒకేసారి ఆడి వోల్టేజీ పడిపోతే పాత ఫ్యాన్ ఈసురోమంటూ తిరుగుతుంది, ఇది తన స్పీడు తను తిరుగుతూనే ఉంటుంది. ఇబ్బందులు లేవని కాదు. పాత ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందంటే వీధి చివర ఎలక్ట్రీషియన్ వచ్చి కండెన్సర్ మార్చి వంద, నూటయాభై తీసుకుని పోతాడు. బీఎల్‌డీసీలో బోర్డు పోతే అంత సులువుగా పని జరగదు, కంపెనీ మనిషి కోసం ఎదురుచూడాలి, వారంటీ దాటితే బోర్డుకే వందల్లో పెట్టాలి. అందుకే కొనేముందు వాట్లు తర్వాత చూడండి, మీ ఊళ్లో సర్వీసు ఉందా, వారంటీ ఎన్నేళ్లు అన్నది ముందు చూడండి. ఇంకోటి, పాత రెగ్యులేటర్‌తో దీని స్పీడు తగ్గించకూడదు, అది తీసేయాలి లేదా ఎప్పుడూ ఫుల్‌లో ఉంచాలి. రిమోట్ పరుపు కింద దూరి కనపడక, అర్ధరాత్రి చలేస్తున్నా స్పీడు తగ్గించలేక దుప్పటి కప్పుకుని పడుకునే ఇళ్లు ఎన్నో! పెద్దవాళ్లుండే గదికైతే గోడ మీద తిప్పే రెగ్యులేటర్‌తో వచ్చే బీఎల్‌డీసీ మోడళ్లు ఉన్నాయి, అవి తీసుకోండి.

ఇక పెనం. ఇనప పెనమా, నాన్‌స్టిక్కా?

పదేళ్ల కింద ఇనప పెనాలు పాత సామాన్లవాడికి వేసిన ఇళ్లే ఇప్పుడు ఆన్‌లైన్‌లో "ముందే పదును చేసిన" పోత ఇనప పెనాన్ని రెండు వేలు పెట్టి కొంటున్నాయి. హడావుడి కాస్త ఎక్కువే అయినా అట్టు విషయంలో మాత్రం నిజం. మందపాటి ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది, చల్లటి పిండి వేసినా ఒక్కసారిగా చల్లారిపోదు, అందుకే పెసరట్టు అంచు కరకరలాడుతూ ఎర్రగా వస్తుంది. నాన్‌స్టిక్ పెనాలు ఎక్కువ భాగం పల్చటి అల్యూమినియం మీద పూత, చల్లటి పిండి పడగానే వేడి తగ్గిపోతుంది. పైగా ఆ పూతకు ఒక హద్దు ఉంది. 260 డిగ్రీలు దాటితే చెడటం మొదలుపెడుతుంది, ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి ఫోన్ మాట్లాడటానికి వెళ్తే కొద్ది నిమిషాల్లో అక్కడిదాకా పోతుంది. నాన్‌స్టిక్ విషమని భయపెట్టేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మధ్యస్థంగా మంట పెట్టుకుని, చెక్క అట్లకాడ వాడుకుంటూ, పూత లేచిపోయినప్పుడు మార్చేసేవాళ్లకి కంగారు పడాల్సిందేమీ లేదు.

అయితే ఇనప పెనం ఊరికే లొంగదు. కొత్తది తెచ్చాక కడిగి, ఆరబెట్టి, నూనె రాసి సన్నటి సెగ మీద కాల్చి చల్లార్చడం, మళ్లీ రాయడం. వేడికి ఆ నూనె గట్టి పొరగా మారి ఇనుమును పట్టుకుంటుంది, మనం పదును అనేది ఆ పొరనే. మొదటి నాలుగైదు అట్లు ముక్కలై వస్తాయి, సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రుద్దుతూ ఓపిక పట్టాలి. తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. చింతపండు, టమాటా పడితే పదును పోతుంది, కూర కూడా నల్లబడుతుంది. చపాతీలకీ అట్లకీ ఒకటే పెనం అంటే ఏదీ సరిగా రాదు, చపాతీ పెనం ఎండిపోయి ఉండాలి, అట్ల పెనం నూనె పట్టి ఉండాలి. బరువు ఇంకో సమస్య. మోకాళ్లు, మణికట్టు నొప్పులున్న పెద్దావిడ చేతికి మూడు కిలోల పోత ఇనప పెనం ఇచ్చి ఆరోగ్యం గురించి పాఠాలు చెప్పడం ఏం న్యాయం? ఆవిడకి నాన్‌స్టిక్కే మేలు. మిగతావాళ్లకి, సంత దగ్గరో ఇనప సామాను కొట్లోనో కిలో లెక్కన దొరికే రేకు పెనం చాలు, పోత ఇనుమే కావాలని లేదు. పోత ఇనుము కిందపడితే పగులుతుంది కూడా.

గ్రైండర్ విషయంలో మనవాళ్లు తమిళుల్ని చూసి తొందరపడుతున్నారేమో అనిపిస్తుంది. వెట్ గ్రైండర్ కోయంబత్తూరు సొత్తు, ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు కూడా ఉంది. వాళ్లు ఇడ్లీకి బియ్యం కూడా రుబ్బుతారు, గంట పని. మన ఇళ్లల్లో ఇడ్లీకి రుబ్బేది మినపప్పు ఒక్కటే, రవ్వ కడిగి పిండి కలిపేస్తాం. నలుగురున్న ఇంట్లో వారానికి రెండు గ్లాసుల మినపగుళ్ల కోసం పది కిలోల యంత్రాన్ని గట్టు మీద పెట్టుకుని, రాయి ఒకసారి, గిన్నె ఒకసారి కడుగుతూ కూర్చోవాలా అంటే, ఆలోచించాల్సిందే. మిక్సీలో పిండి వేడెక్కడమే అసలు ఇబ్బంది, ఫ్రిజ్ నీళ్లు పోస్తూ ఆపి ఆపి తిప్పితే ఇడ్లీకి సరిపోయే పిండి వస్తుంది. గారెల దగ్గర మాత్రం మిక్సీ ఓడిపోతుంది: నీళ్లు పోస్తే తప్ప బ్లేడు తిరగదు, నీళ్లు పోస్తే గారె నూనె పీలుస్తుంది. గ్రైండర్లో రాయి మెల్లగా తిరుగుతూ గాలిని పిండిలోకి కలుపుతుంది కాబట్టి కాసిని నీళ్లతోనే పిండి వెన్నలా పొంగుతుంది. కరెంటు భయం అక్కర్లేదు, 150 వాట్ల గ్రైండర్ అరగంట తిరిగినా 750 వాట్ల మిక్సీ పది నిమిషాల కంటే తక్కువే తింటుంది. వారంలో రెండు మూడుసార్లు టిఫిన్‌కి రుబ్బే ఉమ్మడి కుటుంబానికి గ్రైండర్, ఇద్దరే ఉండే ఇంటికి మిక్సీ. గారెల పండగ ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో మీరే చూసుకోండి.

ఎయిర్ ఫ్రయ్యర్ మీద నాకు పెద్ద గౌరవం లేదు, ద్వేషమూ లేదు. 2010లో ఫిలిప్స్ బెర్లిన్ ప్రదర్శనలో పెట్టిన దగ్గర్నుంచి పేరులో వేపుడు తగిలించుకుని తిరుగుతోంది గానీ, అది చిన్న ఓవెన్, లోపల గట్టిగా తిరిగే ఫ్యాన్. మూకుడుతో పోటీ పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. జారుగా ఉన్న శనగపిండిలో ముంచిన మిర్చి అందులో పెడితే పిండంతా కిందికి కారి జాలీకి అంటుకుంటుంది. పునుగులు, బజ్జీలు, పకోడీలు దాని వల్ల కావు, ఎవరైనా అయ్యాయని వీడియో పెడితే కొరికి చూపించమనండి. కానీ దొండకాయ, బెండకాయ, ఆలుగడ్డ ముక్కలకి ఒక చెంచా నూనె పట్టించి పెడితే బాగా వస్తాయి, మసాలా పట్టించిన చికెన్ ఇంకా బాగుంటుంది, నిన్నటి సమోసా మళ్లీ కరకరలాడుతుంది. నాలుగు లీటర్ల బుట్టలో ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి. ఐదుగురున్న ఇంట్లో రెండు విడతలు వెయ్యాలి, ఈలోపు మూకుడులో వేపుడు అయిపోయి అన్నాలు తినేస్తారు కూడా. అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లకి ఇది నచ్చడంలో అర్థం ఉంది, నూనె పొగ లేస్తే స్మోక్ అలారం మోగుతుంది, పెద్ద ఓవెన్ వేడెక్కడానికే పావుగంట. ఇక్కడ పొయ్యి పక్కనే కిటికీ ఉన్న వంటింట్లో అంత అవసరం కనపడదు. గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉండి వేపుళ్లు మానలేని మనిషి ఇంట్లో ఉంటే కొనొచ్చు, అది మంచి కారణమే.

కొనాల్సిన పనిలేనిది కూడా ఒకటి ఉంది, నడక. రోజుకు పది వేల అడుగులా, తిన్నాక పది నిమిషాలా?

పది వేలు అన్న అంకె డాక్టర్లు తేల్చింది కాదు, 1964 టోక్యో ఒలింపిక్స్ అయ్యాక 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరంతో వ్యాపించింది. నడవగలిగితే మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఆఫీసు, ట్రాఫిక్ పోగా ఆ అంకె పూర్తికాక రాత్రి పదింటికి హాల్లో గడియారం ముల్లులా తిరుగుతూ టెన్షన్ పడేవాళ్లని చూస్తే జాలేస్తుంది. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, ఉప్మా తినే మనకి తిన్నాక నడకే ఎక్కువ ఉపయోగం. ఆ తిండితో రక్తంలో చక్కెర ఎక్కువగా పెరిగేది తిన్న గంట, గంటన్నరలో. ఆ వేళకి కాళ్ల కండరాలు కదులుతుంటే రక్తంలోని గ్లూకోజ్‌ని అవి లాక్కుంటాయి. వేగంగా నడవక్కర్లేదు, డాబా మీదో అపార్ట్‌మెంట్ కారిడార్లోనో మాట్లాడుకుంటూ నడిస్తే చాలు, బూట్లు కూడా అవసరం లేదు. మధ్యాహ్నం ఆఫీసులో కుదరకపోతే రాత్రి భోజనం తర్వాతదైనా వదలకండి, మన ఇళ్లల్లో రోజు మొత్తంలో పెద్ద భోజనం, దాని వెంటనే నిద్ర, రెండూ అప్పుడే కదా. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం మొదలుపెట్టే ముందు డాక్టర్‌తో ఒక మాట అనండి, కొందరికి షుగర్ మరీ కిందికి దిగే అవకాశం ఉంటుంది.