టీపాయ్‌కి ఆయిల్ పాలిషా, పీయూ పాలిషా: ఏది మేలు?

అసలు చెక్కతో చేసిన టీపాయ్ కొనేవాళ్లు ముందుగా అడిగేది "టేకా, ఓకా, మామిడా?" అని. అడగాల్సిందే. కానీ వేడి కప్పులు, తడి గ్లాసులు, తాళంచెవుల గుత్తులు రోజూ పడేది పైనున్న పాలిష్ మీద. అందుకే చెక్క సంగతి తొందరగా తేల్చేసి అక్కడికి వద్దాం.

చెక్క గట్టిదనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ సగం దాకా చెక్కలో దిగడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. వైట్ ఓక్‌కి 1,350 పౌండ్ల పైమాటే. టేకుకి వెయ్యికి కాస్త ఎక్కువ. ఈస్టర్న్ వైట్ పైన్ 400 కూడా దాటదు, గోరుతో గట్టిగా నొక్కినా గుర్తు పడుతుంది. మరి ఓక్ కన్నా మెత్తనైన టేకుకి అంత పేరెందుకంటే, గాలిలో తేమ పెరిగినా తగ్గినా అది పెద్దగా ఉబ్బదు, కుంచించుకుపోదు. పైగా చేవలో, అంటే మాను నడిమి ముదురు చెక్కలో, సహజంగా తైలం ఉంటుంది కాబట్టి పురుగు తొందరగా ముట్టదు. ఈ గుణాలన్నీ చేవవే. అంచుల్లో తెల్లచెక్క కలిసి ఉంటే దానికి ఆ రక్షణ లేదు. మామిడి, రబ్బరు చెక్కలు బల్లకు బాగానే సరిపోతాయి. కాకపోతే వాటిని పురుగు తేలిగ్గా పడుతుంది, కాబట్టి బట్టీలో (కిల్న్) ఆరబెట్టి మందు పట్టించినవేనా అని అడిగి తీసుకోవాలి.

ఇక పాలిష్. పీయూ, అంటే పాలీయురెథేన్, చెక్క మీద గట్టి పొరలా నిలుస్తుంది. నీళ్లు ఒలికినా, కాఫీ ఒలికినా తుడిస్తే పోతుంది. ఏళ్ల తరబడి దాని గురించి ఆలోచించనక్కర్లేదు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది, నిజమే. చిక్కంతా ఆ పొర తెగినప్పుడు మొదలవుతుంది. లోతుగా ఒక గీత పడితే అందులోంచి తడి లోపలికి దిగుతుంది, చుట్టూ పాలిష్ తెల్లబారి పొట్టులా లేస్తుంది. అంతమేరకే అతుకు వేద్దామంటే కొత్త పూతకీ పాతదానికీ మధ్య అంచు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చివరికి బల్లపైభాగం మొత్తం గీకి మళ్లీ వేయించాలి. టేకు మీదైతే ఇంకో మెలిక ఉంది. దానిలోని తైలం పీయూని సరిగ్గా అంటుకోనివ్వదు. పూసేముందు థిన్నర్‌తో తుడిచారో లేదో చేసినవాళ్లనే అడగాలి.

ఆయిల్ పాలిష్ దారి వేరు. టంగ్ నూనె, అవిసె నూనె, లేదా మైనం కలిపిన హార్డ్‌వాక్స్ ఆయిల్ చెక్కలోకి ఇంకుతుంది. చేయి వేస్తే చెక్కే తగులుతుంది, ప్లాస్టిక్ పూత తగలదు. గ్లాసు గుర్తులు పీయూ కన్నా తొందరగా పడతాయి, అది ఒప్పుకోవాల్సిందే. అయితే మరక పడ్డచోట మాత్రమే 320 నంబరు శాండ్‌పేపర్‌తో చెక్క గీతల వెంబడి రుద్ది, కాస్త నూనె పట్టించి, మిగిలింది తుడిచేస్తే కలిసిపోతుంది. ఏడాదికోసారి, బల్ల పాలిపోయినట్టు కనిపిస్తే ఇంకా ముందే, ఒక పూత వేయాలి.

ఈ రెండూ కాక లక్క పాలిష్ ఉంది. అందానికి దాన్ని మించింది లేదు, కానీ వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కి కరుగుతుంది. అలమారాకి వేసుకోండి, టీపాయ్‌కి వద్దు.

నా ఓటు ఆయిల్‌కే. అసలు చెక్కకి డబ్బు పెట్టేదే అది పాతబడ్డా బాగు చేసుకోవచ్చని. ఆ సౌలభ్యాన్ని గట్టి పొర కింద మూసేయడం నాకు నచ్చదు. ఏడాదికో పూట కూడా దానికి కేటాయించలేం అనుకునేవాళ్లు మాత్రం మెరుపు లేని మ్యాట్ పీయూ తీసుకోండి. అద్దంలా మెరిసేదాని మీద ప్రతి గీతా కనబడుతుంది.

ఏది వేసినా తేమ రాకపోకలు నెమ్మదిస్తాయే తప్ప ఆగవు. పలక చెక్క గీతలకి అడ్డంగా పెరుగుతుంది, తగ్గుతుంది. గీతల వెంబడి దాదాపు కదలదు. కొనేటప్పుడు వంగి బల్ల అడుగుభాగం చూడండి. పైపలకని పట్టే స్క్రూల రంధ్రాలు కోలగా ఉంటే చేసినవాడికి పని తెలుసు. కదలనివ్వకుండా బిగించేస్తే ఏదో ఒక ఎండాకాలం పలక చీలుతుంది. అడుగున కూడా పూత ఉండాలి, లేకపోతే రెండువైపులా తేమ ఒకేలా పీల్చక పలక వంకర తిరుగుతుంది.

మరకల్లో తెల్ల వలయం పడితే కంగారు వద్దు. తడి పాలిష్‌లోనే చిక్కుకుంది, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోవచ్చు. నల్లమరకైతే తడి చెక్క దాకా చేరినట్టే. ఓక్ లాంటి చెక్కల్లో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే అలా నల్లబడుతుంది. దానికి ఆక్సాలిక్ యాసిడ్ కావాలి, చేతులకి తొడుగులు తప్పవు. సిలికాన్ ఉన్న మెరుపు స్ప్రేల జోలికి పోకండి, తర్వాత వేసే పాలిష్ వాటి మీద సరిగ్గా పరుచుకోదు.

అవిసె నూనె వాడితే మరో జాగ్రత్త. తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, మడతల్లో ఆ వేడి చిక్కుకుంటే గుడ్డ దానంతటదే అంటుకోగలదు. విప్పి ఆరుబయట విడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.