చికాగో పాత ఆకాశహర్మ్యాలు: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

చికాగో వెళ్ళిన మనవాళ్ళు చాలామంది విల్లిస్ టవర్ 103వ అంతస్తు ఎక్కి, మిలీనియం పార్కులో ఫొటోలు దిగి, డెవాన్ అవెన్యూలో భోంచేసి వచ్చేస్తారు. అవి చూడొద్దనను. కానీ అంత ఎత్తు కట్టడం మనుషులు ఎలా నేర్చుకున్నారో తెలియాలంటే విల్లిస్ టవర్‌కి దగ్గర్లోనే ఉన్న మొనాడ్‌నాక్ భవనం దగ్గర కాసేపు ఆగాలి. ఊరు మొత్తంలో ఒక్కటే చూసే వీలుంటే నేను దాన్నే చూడమంటాను.

నేపర్‌విల్, అరోరా వైపు బంధువుల ఇళ్ళలో దిగేవాళ్ళకు మెట్రా రైలే మేలు. యూనియన్ స్టేషన్‌లో దిగి జాక్సన్ వీధి పట్టుకుని తూర్పుగా నడిస్తే చాలావరకు దారిలోనో, దగ్గర్లోనో తగులుతాయి. కారులో వెళ్తే లూప్‌లో, అంటే ఊరి నడిబొడ్డున, పార్కింగు బాగా ఖరీదు. శని, ఆదివారాలు రైళ్ళు తక్కువ, పైగా ఆఫీసు భవనాల తలుపులు తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు. మామూలు పనిరోజున వెళ్ళండి.

లసాల్, ఆడమ్స్ వీధులు కలిసే మూల దగ్గర ఒకప్పుడు హోమ్ ఇన్సూరెన్స్ భవనం ఉండేది. విలియం లె బారన్ జెన్నీ 1885లో కట్టిన పదంతస్తుల భవనం అది. బరువంతా గోడల మీద వేయకుండా లోపల లోహపు చట్రం మీదికి మళ్ళించిన తొలి కట్టడాల్లో ఒకటి. మొదటి ఆకాశహర్మ్యం అని చాలామంది దాన్నే అంటారు. 1931లో కూల్చేశారు, ఇప్పుడు ఆ చోట వేరే టవర్ ఉంది. ఆడమ్స్ వీధి దాటితే 1888 నాటి రూకరీ అనే భవనం. అద్దాల కప్పు కింద ఉన్న దాని లాబీని ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1905లో తెల్ల పాలరాయితో, బంగారు గీతలతో తిరిగి తీర్చిదిద్దాడు. ఊళ్ళో అందమైన గది ఏదంటే ఇదే. మేం డబ్బు కట్టి చేరిన ఒక నడక టూరువాళ్ళు ఇక్కడ సరిగా నిలబడనివ్వకుండానే తరిమారు. సొంతంగా వెళ్ళి తీరిగ్గా చూసుకోవడమే మంచిది.

ఇక మొనాడ్‌నాక్. ఉత్తర సగం 1891లో పూర్తయింది: 16 అంతస్తులు, బరువు మోసేది ఇటుక గోడలే. అంత బరువు ఆపాలంటే నేలమట్టంలో గోడ 6 అడుగుల మందం ఉండాల్సి వచ్చింది. కిటికీలో చెయ్యి పెట్టి చూస్తే ఆ లోతు తెలుస్తుంది. అలంకారాలేమీ వద్దని యజమానులైన బ్రూక్స్ సోదరులు పట్టుబట్టారు. వాస్తుశిల్పి జాన్ రూట్ ఆ షరతునే అందంగా మలిచాడు. గోడ అడుగున మెల్లగా లోపలికి వంగి, పైన మళ్ళీ బయటికి విచ్చుకుంటుంది. అదంతా ఇటుకే. పూర్తయిన భవనాన్ని ఆయన చూడలేదు. 1891 జనవరిలో న్యుమోనియాతో పోయాడు, అప్పటికి 41 ఏళ్ళు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధనిపిస్తుంది.

చికాగో నేల మెత్తటి బంకమట్టి. భవనం 8 అంగుళాలు కుంగుతుందని ముందే లెక్కగట్టారు, అది అంతకు మించే దిగింది. 1893లో హొలాబర్డ్ అండ్ రోష్ సంస్థ దక్షిణ సగాన్ని కట్టేటప్పటికి ఉక్కు చట్రం వచ్చేసింది. డియర్‌బార్న్ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ గోడల మందం గమనించండి. ఇటుక ఎక్కడ ఆగిందో, ఉక్కు ఎక్కడ అందుకుందో కంటికి కనబడుతుంది. ఎత్తైన టవర్ల మీది ఏ పరిశీలన వేదికా ఈ పాఠం చెప్పలేదు. లోపల మెట్లకు అల్యూమినియం వాడారు, భవనాల్లో ఆ లోహం వాడిన తొలి చోట్లలో ఇదొకటి.

అదే 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడిన సభ జరిగింది, ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలోనే. ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరమే. ఓపిక ఉంటే కలుపుకోండి.

బసకు నేను చెప్పేది రిలయన్స్ భవనం. స్టేట్, వాషింగ్టన్ వీధుల మూల మీద ఉంటుంది, ఇప్పుడు హోటల్. ఆ చోట అంతకుముందున్న పాత భవనంలో అద్దెకున్నవాళ్ళ గడువు తీరకపోవడంతో, 1890లో దాని పై అంతస్తుల్ని జాకీల మీద నిలబెట్టి కింద కొత్త పునాది, దుకాణం కట్టారు. మిగతాది చార్లెస్ ఆట్‌వుడ్ చేతుల మీదుగా 1895లో పూర్తయింది. తెల్లటి మెరుగు టెర్రకోట (కాల్చిన మట్టి) పలకలు, మిగిలినదంతా అద్దమే. ఒకప్పుడు డాక్టర్ల, పళ్ళ వైద్యుల గదులున్న భవనం కాబట్టి పెద్ద గదులు ఆశించకండి. పిల్లాపాపలతో, నాలుగు సూట్‌కేసులతో వెళ్ళే కుటుంబానికి శివార్లలోని హోటలే హాయి. దంపతులకైతే నిస్సంకోచంగా ఇదే. పై అంతస్తుల్లో పాలరాతి గోడలు, మొజాయిక్ నేల ఉన్న వరండాలు చూసే తీరాలి. మూల గదిలో వెలుతురు అద్భుతం, బుక్ చేసేటప్పుడే అడగండి.

నదిలో పడవ టూరు బాగుంటుంది, గైడ్లు నిజంగా తెలిసినవాళ్ళు. కాకపోతే నేను చెప్పిన భవనాలేవీ నది ఒడ్డున లేవు, వీటికి నడకే దారి. తిరుగు ప్రయాణంలో రిలయన్స్ పక్క వీధిలోనే బ్లూ లైన్ మెట్రో రైలు వాషింగ్టన్ స్టేషన్ ఉంది. ఓహేర్ విమానాశ్రయానికి నేరుగా వెళ్తుంది, సుమారు 45 నిమిషాలు.