‘రోజానా’ డ్రమ్స్ పాఠాలు కొనబోతున్నారా? జాగ్రత్త

అమెరికన్ రాక్ బృందం టోటో పాట ‘రోజానా’కు డ్రమ్స్ నేర్చుకోవాలని ఆన్‌లైన్‌లో పాఠాలు కొనబోయేవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నాకు 1,800 రూపాయలు పోయాయి. అది సర్దుకోగలను. ఆరు వారాల పాటు రోజూ గంటసేపు చేసిన సాధన వృథా అయినందుకే కడుపు మండుతోంది.

‘రికార్డులో ఉన్నది ఉన్నట్టు’ అని ప్రకటన. నొటేషన్ (స్వరలిపి) నోట్సు, పన్నెండు వీడియోలు, డ్రమ్స్ తీసేసిన ట్రాక్ ఇస్తామన్నారు.

1982లో వచ్చిన ఆ పాటకు ప్రాణం ఆ బృందం డ్రమ్మర్ జెఫ్ పొర్కారో వాయించిన హాఫ్‌టైమ్ షఫుల్ అనే ఊగే లయ. మృదంగం పరిచయం ఉన్నవారికి తిశ్రగతి అంటే చాలు. తకిట, తకిట అని మూడేసిగా నడుస్తుంది. ‘త’ మీద, ‘ట’ మీద కుడిచేయి హై-హాట్‌ను (జంట సింబల్స్, అంటే లోహపు పళ్లేలను) తాకుతుంది. నడిమి ‘కి’ ఎడమచేతిది. పుల్లను అంగుళం ఎత్తు నుంచి స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) మీదికి జారవిడిచినట్టు, వినీ వినబడకుండా వేయాలి. వీటినే ఘోస్ట్ నోట్లు అంటారు. ఆ గుసగుసల మధ్య స్నేర్ అసలు దెబ్బ గట్టిగా పడితేనే పాట ఊగుతుంది. కింద కాలితో వాయించే బాస్ డ్రమ్ వరుస పూర్తి కావడానికి రెండు బార్లు (తాళంలో ఆవర్తనాల లాంటివి) పడుతుంది. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ షఫుల్, లెడ్ జెప్లిన్ పాట ‘ఫూల్ ఇన్ ద రెయిన్’లో జాన్ బోనమ్ వాయించిన తీరు, గిటారిస్టు బో డిడ్లీ పేరుతో ప్రసిద్ధమైన లయ కలిస్తే ఇది పుట్టిందని పొర్కారో తన పాఠాల వీడియోలో స్వయంగా వాయించి చూపించారు. కొనకముందే దాన్ని చూసి ఉండవలసింది.

నాకు పంపిన నోట్సులో ఘోస్ట్ నోట్ ఒక్కటీ లేదు. తిశ్రాన్ని చతురశ్రం చేసి, తకధిమి అని నాలుగు ముక్కలుగా కోసేశారు. బాస్ డ్రమ్‌కు ఒకే బార్ రాసి చివరిదాకా అదే అతికించారు. వీడియోలో నేర్పే ఆయన కూడా అలాగే వాయించారు, నేను నమ్మాను. ఇక ఆ ట్రాక్ అసలు రికార్డే. డ్రమ్స్‌ను సాఫ్ట్‌వేర్‌తో అణచివేయడంతో సింబల్స్ చప్పుడు నీటి బుడగల్లా బయటికి వస్తోంది.

ఆఫీసు వార్షికోత్సవానికి మా బృందం మొదటిసారి కలిసి వాయించిన రోజు, ఎనిమిది బార్లు కాకముందే బాస్ గిటార్ మిత్రుడు చేయెత్తి ఆపేశాడు. “ఇది కవాతులా ఉంది, ఆ పాట కాదు” అన్నాడు. పాటను జాబితా నుంచి తీసేశాం. ఇప్పుడు సరైన పద్ధతిలో మొదలుపెట్టినా, వేగం పెంచగానే ఎడమచేయి ‘కి’ని మింగేస్తోంది.

డబ్బు వెనక్కి అడిగితే, డౌన్‌లోడ్ చేసుకున్నాక ఇవ్వలేమని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ముందు రెండు బార్ల నమూనా అడగండి. మూడేసి స్వరాల గుంపుల మీద 3 అంకె ఉందా, స్నేర్ స్వరాల్లో కొన్ని బ్రాకెట్లలో ఉన్నాయా, రెండో బార్‌లో బాస్ డ్రమ్ మారుతోందా చూడండి. నమూనా ఇవ్వకపోతే కొనకండి.

నేను కొన్న నోట్సే నిన్న కొత్త ముఖచిత్రంతో, 2,400 రూపాయల ధరతో కనిపించాయి. ప్రకటనలో చూపించిన మొదటి పేజీని పెద్దది చేసి చూశాను. ఘోస్ట్ నోట్లు ఇప్పటికీ లేవు.