ఫైర్‌ప్లేస్ వెలిగించే ముందు: మిషిగన్‌లో మా చిమ్నీ సర్వీసు

కట్టెల ఫైర్‌ప్లేస్ ఉన్న పాత ఇల్లు కొనుక్కుని, అందులో మంట వేయడానికి జంకే తెలుగువాళ్ళు మా డెట్రాయిట్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఈసారి మా చిమ్నీ శుభ్రం చేసింది పెద్ద కంపెనీ కాదు, తండ్రీ కొడుకులు నడుపుకునే చిన్న సర్వీసు. తండ్రికి చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా సర్టిఫికెట్ ఉంది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

నిరుడు పోస్టులో వచ్చిన కూపన్ చూసి వేరేవాళ్ళని పిలిచాం. రేటు చాలా తక్కువ. వచ్చినతను టార్చిలైటు వేసి కాసేపు లోపలికి తొంగి చూశాడు. లైనర్ (పొగగొట్టం లోపలి పొర) మొత్తం పగిలిపోయింది, మంట వేస్తే ఇల్లు అంటుకుంటుంది, వేల డాలర్ల పని, ఈరోజే సంతకం పెట్టండి అన్నాడు. ఒక్క ఫొటో చూపించలేదు. మేం సంతకం పెట్టలేదు గానీ ఆ చలికాలమంతా టెన్షన్‌తో ఫైర్‌ప్లేస్ మూసే ఉంచాం.

ఈ తండ్రీ కొడుకులు ముందు చూపించారు, తర్వాతే మాట్లాడారు. హాల్లో గుడ్డలు పరిచి, ఫైర్‌ప్లేస్ నోటికి ప్లాస్టిక్ కట్టి, వాక్యూమ్ పెట్టి, కడ్డీలు ఒకదానికొకటి బిగిస్తూ బ్రష్‌ని పైదాకా తోశారు. డ్యాంపర్ (పొగదారిని మూసే, తెరిచే రేకు) వెనక స్మోక్ షెల్ఫ్ అని చిన్న అరుగులాంటిది ఉంటుంది. పైనుంచి రాలిన మసి, ఆకులు, పుల్లలు అన్నీ అక్కడే పేరుకుంటాయి. కింది నుంచి చూస్తే కనిపించదు కాబట్టి తొందరగా పని ముగించేవాళ్ళు దాన్ని వదిలేస్తారు. వీళ్ళు చెయ్యి పెట్టి మరీ తీశారు. సోఫా మీద మసి చుక్క పడలేదు.

ఆ తర్వాత కడ్డీ చివర కెమెరా కట్టి లోపలికి పంపారు. మా ఆయనా నేనూ స్క్రీన్ ముందు కూర్చున్నాం. మట్టి పెంకుల లైనర్‌ని ఒక్కో అతుకు దగ్గరా ఆపి చూపించారు. ఎక్కడా పగులు లేదు! ఉన్న లోపాలు రెండే. చిమ్నీ నెత్తిన సిమెంటు కప్పు బీటలు వారింది, దానిపైన టోపీ లేదు. నిరుడు చెప్పిన వేల డాలర్ల పనికి అసలు అవసరమే లేదు. జాలీ ఉన్న స్టీలు టోపీ ఆరోజే బిగించారు.

అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వాళ్ళ 211 ప్రమాణం ప్రకారం ఏడాదికోసారి చిమ్నీ చూపించుకోవాలి. మామూలు తనిఖీ లెవెల్ 1. ఇల్లు కొన్నప్పుడూ, చిమ్నీలో ఎప్పుడైనా మంటలు లేచినప్పుడూ ఇంకా లోతుగా చూసే లెవెల్ 2 చేయించాలి. మసి అంగుళంలో ఎనిమిదో వంతు మందం పేరుకుంటే దులిపించి తీరాలి. మసి కన్నా భయపడాల్సింది క్రియోసోట్‌కి. పచ్చి కట్టె పొగ చల్లటి గోడకి తగిలి తారులా అంటుకుంటుంది. అది ముదిరి గాజులా మెరిసే పొరైతే బ్రష్‌కి రాదు, నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం. మాది ఇంకా పొడి పొరగానే ఉందని కెమెరాలో చూశాక నాకు ప్రాణం కుదుటపడింది.

గోడకి పుల్లలతో అతికించిన ఖాళీ గూడు ఒకటి కూడా కనిపించింది. చిమ్నీ స్విఫ్ట్ అనే పిట్టది. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద దీనికి రక్షణ ఉంది. గుడ్లో పిల్లలో ఉంటే గూడు ముట్టుకోకూడదు. శీతాకాలానికి అవి దక్షిణ అమెరికా వెళ్ళిపోతాయి కాబట్టి ఇప్పుడు తీశామని, ఎండాకాలంలో పిలిచి ఉంటే ఆగమనేవాడినని ఆ తండ్రి చెప్పాడు. ఆ మాటతో ఆయన మీద గౌరవం పెరిగింది.

వెళ్ళే ముందు మా కట్టెల దొంతర కూడా చూశాడు. ఒక మొద్దు చీల్చి, లోపలి వైపు తేమ మీటరు గుచ్చాడు. 20 శాతం లోపు ఉంటేనే కాల్చాలి. యాష్ అనే చెట్టు కట్టె పాసైంది. ఓక్ కట్టె ఇంకో ఏడాది ఆరాలన్నాడు. వరంగల్ నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మ రెండు పేళ్ళు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టింది. "మోగితే ఎండినట్టు బిడ్డా, దబ్బుమంటే పచ్చి" అంది. నేను ఇంగ్లిషులో చెబితే ఆయన తలూపి, తన తండ్రీ అలాగే చూసేవాడన్నాడు. తుమ్మ కట్టెతో వండిన అమ్మకి మీటరు అక్కర్లేదు. నాకు కావాలి, ఒకటి కొనుక్కున్నాను.

కట్టెలు దగ్గర్లోనే కొనమని కూడా గట్టిగా చెప్పాడు. యాష్ చెట్లను చంపే పచ్చ పురుగు అమెరికాలో మొదట బయటపడింది 2002లో, ఇక్కడే డెట్రాయిట్ దగ్గర. దూరాలకి మోసుకెళ్ళిన కట్టెలతోనే అది చాలా చోట్లకి పాకింది. క్యాంపింగ్‌కి వెళ్తూ ఇంట్లోవి వేసుకెళ్ళే అలవాటుంటే దయచేసి మానేయండి. బూడిదని మూత ఉన్న ఇనుప డబ్బాలోనే తీయాలి, ఇంటికి 10 అడుగుల దూరంలో పెట్టాలి. అడుగున నిప్పులు రోజుల తరబడి ఉంటాయి.

ఇక తగ్గించిన అర మార్కు సంగతి. సిమెంటు కప్పు బీటలు వీళ్ళు పూడ్చరు, మేస్త్రీని మనమే వెతుక్కోవాలి. రిపోర్టు చేత్తో రాసిచ్చారు, కెమెరా ఫొటోలు అడిగితేగానీ పంపలేదు. అడిగి తీసుకోండి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు పనికొస్తాయి. ఫోన్‌కి వెంటనే దొరకరు, మెసేజ్ పెడితే సాయంత్రం పిలుస్తారు. అక్టోబరు వచ్చిందంటే వారాల తరబడి ఖాళీ ఉండదు. ఆగస్టులోనే మాట్లాడి, పిట్టలు వెళ్ళిపోయే సెప్టెంబరు చివరికి తేదీ రాయించుకోండి.